చాగ: సర్కారు తీరం నుంచి పూలకుండీ దాకా

ఈ రోజుల్లో మన పట్టణాలలో ఏ ఇంటి వసారా చూచినా ఒక మొక్క తప్పకుండా కనిపిస్తుంది. దానికి కొమ్మలు లేవు, రెమ్మలు లేవు. మట్టిలోంచి కత్తుల వలె నిటారుగా లేచిన దళసరి ఆకులు, వాటి మీద పాము పొడల వంటి అడ్డచారలు, అంతే. శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా మొక్కలమ్మేవారు దీనిని స్నేక్ ప్లాంట్ అంటారు. "ఇది చావదండీ, దీనికేమీ చెయ్యనక్కరలేదు" అని చెప్పి అమ్ముతారు. కొన్నవారు ఆ మాట వింటారు గాని చెయ్యి ఊరుకోదు. తులసికోటలో పోసినట్లే దీనికీ ప్రతి ఉదయం చెంబెడు నీళ్ళు పోస్తారు. వానాకాలం ముగిసేసరికి ఆకుల మొదళ్ళు పసుపుబారి, మెత్తబడి, చెయ్యి తగిలితే చాలు ఊడి వస్తాయి. అప్పుడు నీళ్ళు చాలలేదేమోనని మరొక చెంబు పోస్తారు.

ఎండకు చావని మొక్క, ఎరువు అడగని మొక్క, నీటికి ఎందుకు చచ్చింది? దీనికి సమాధానం తోటపని పుస్తకాలలో ఒక్క వాక్యంలో దొరుకుతుంది: నీరు తక్కువగా పోయవలెను. కాని ఎందుకు తక్కువగా పోయవలెనో తెలియాలంటే కొంత చరిత్ర తెలియాలి. ఆ చరిత్రలో చాలా భాగం మన తూర్పు తీరాననే, ఒకనాడు ఉత్తర సర్కారులని పేరుపొందిన ప్రాంతంలోనే జరిగింది. ఆ సర్కారులలో ఉత్తరాన మొట్టమొదటిది శ్రీకాకుళం సర్కారు. కంపెనీవారి కాగితాలలో దాని పేరు చికాకోల్.

ఒకే వంశంలో రెండు మొక్కలు

కుండీలలో మనం పెంచే పొడల మొక్క ఆఫ్రికా ఖండపు పడమటి భాగానిది. నైజీరియా నుంచి కాంగో వరకు గల దేశాలు దాని పుట్టినిల్లు. అయితే దీనికి స్వయానా దాయాది అయిన మొక్క ఒకటి మన నేలలోనే ఉన్నది. దానిపేరు చాగ. తూర్పు తీరపు మెట్ట భూములలో, గుట్టల పక్కన, పొదల మొదళ్ళలో ఇది గుంపులు గుంపులుగా పెరుగుతుంది.

రెండింటిని పక్కపక్కన పెడితే తేడా సులభంగా తెలుస్తుంది. ఆఫ్రికా మొక్కకు ఒక మొదలు నుంచి కొద్దిపాటి ఆకులే వస్తాయి. అవి వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటాయి. చాగకు ఒక్కొక్క మొదలులో ఆకులు ఎక్కువ. అవి సన్నగా, ఒక అంగుళానికి మించని వెడల్పుతో, లోపలి వైపు కాలువ తీసినట్లు పల్లంగా ఉంటాయి. వీపు వైపు నిలువు గీతలు, మొత్తం మీద ముదురాకుపచ్చ అడ్డచారలు ఉంటాయి. అడవిలో పెరిగినదానికి ఆకు జానెడు నుంచి రెండడుగుల వరకు సాగుతుంది. తెల్లని చిన్న పువ్వులు ఒక కాడ చుట్టూ గుత్తులుగా పూస్తాయి.

రెండింటికీ నేలలోపల అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉన్నది. అల్లం కొమ్ము, పసుపు కొమ్ము చూచినవారికి దీనిని వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు. ఈ కొమ్ము నుంచే పిలకలు లేస్తాయి. ఆకులోనూ, కొమ్ములోనూ నీరు నిలవ ఉంటుంది. ఈ రెండు నిలవలూ తెలిసినవాడు కుండీకి రోజూ నీరు పోయడు.

అల్లెత్రాటి నార

చాగకు సంస్కృతంలో మూర్వ అని పేరు. మూర్వతో పేనిన వింటి నారి గనుక నారికి మౌర్వి అన్న మాట వచ్చింది. క్షత్రియ బ్రహ్మచారి మొలనూలు మూర్వతో చేసిన నారి కావలెనని మనుస్మృతి విధించింది. మూర్వ అన్న పేరును దేశంలోని వైద్యులు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క మొక్కకు వాడుతున్నారు. అందుచేత పాత గ్రంథాలలో ఆ మాట కనిపించిన ప్రతిచోటా చాగ అనే అర్థం చేసుకోరాదు. అయినా చాగ ఆకులో నార ఉన్నదనీ, ఆ నార అల్లెత్రాటికి తగినంత గట్టిదనీ మాత్రం సందేహం లేదు. ఇంగ్లీషువారు కూడ ఈ జాతి మొక్కలన్నింటికి వింటినారి జనుము అనే అర్థం వచ్చే పేరే పెట్టుకొన్నారు.

ఇంతవరకు చెప్పిన సంగతులు మన పూర్వులకు తెలిసినవే. ఆకును కొలిచి, నారను తూచి, బొమ్మ గీయించి, ఆ వివరాలను అచ్చువేసే పని మాత్రం పద్దెనిమిదో శతాబ్దం చివరను ఆరంభమయింది.

సర్కారు కొండలు, కంపెనీ వైద్యులు

ఉత్తర సర్కారులలో చాలా భాగం 1760 దశకంలో ఈస్టిండియా కంపెనీ అధీనంలోకి వచ్చింది. శిస్తు వసూలు చేసే అధికారుల వెంట వైద్యులు వచ్చారు. ఆనాటి వైద్యునికి మందుమొక్కలు తెలిసి ఉండడం తప్పనిసరి గనుక వారిలో కొందరు గొప్ప వృక్షశాస్త్రజ్ఞులు.

వారిలో మొదట చెప్పదగినవాడు యోహాన్ కోనిగ్. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాల పద్ధతిని నెలకొల్పిన లిన్నేయస్‌కు ఇతడు శిష్యుడు. కంపెనీ ఇతనిని ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించింది. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో మరణించాడు. ఆ ఉద్యోగం తరువాత పాట్రిక్ రస్సెల్‌కు దక్కింది.

రస్సెల్ మన ప్రాంతానికి మరింత దగ్గరవాడు. అతని సోదరుడు క్లాడ్ రస్సెల్ విశాఖపట్నంలో కంపెనీ ముఖ్యాధికారి. సోదరుని వెంట వచ్చిన పాట్రిక్ ఇక్కడి చేపలను, పాములను శ్రద్ధగా పరిశీలించాడు. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద, 1803లో విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల మీద అతని గ్రంథాలు అచ్చయినాయి. పాములకు తెలుగువారు చెప్పిన పేర్లను అతడు వదలిపెట్టలేదు. మనం రక్తపింజరి అనే పామును "కాటుక రేకుల పొడ" అని వ్రాసికొన్నాడు. కట్లపాముల ప్రజాతికి శాస్త్రంలో బుంగారస్ అనే పేరు నిలిచిందంటే దానికి మూలం తెలుగు బంగారమే. సామాన్యుని నోటిమాట శాస్త్రనామం కావడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

మూడవవాడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండు దేశస్థుడు. 1776లో మద్రాసు వైద్యశాఖలో చేరాడు. 1781 నాటికి సామర్లకోటకు వచ్చాడు. గోదావరి జిల్లాల్లోని ఆ ఊరు మన ప్రాంతానికి దక్షిణాన ఉన్నా, రాక్స్‌బర్గ్ చూపు సర్కారులన్నింటి మీద ప్రసరించింది. అతని గ్రంథాలలో ఎన్నో చెట్లకు జన్మస్థానం "సర్కారు కొండలు" అనే కనిపిస్తుంది. సామర్లకోటలో అతడు ఒక ప్రయోగ తోటను పెంచాడు. స్థానిక చిత్రకారులను నియమించి మొక్కల బొమ్మలు వేయించాడు. ఆ చిత్రకారుల పేర్లు గ్రంథంలోకి ఎక్కలేదు. వారి చేతిపని మాత్రం నేటికీ ప్రపంచంలోని పెద్ద గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నది.

ఈ బొమ్మల నుంచి ఎన్నికచేసిన మూడువందల చిత్రాలతో "కోరమాండల్ తీరపు మొక్కలు" అనే మహాగ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండనులో వెలువడింది. దీని తొలి సంపుటానికి పీఠిక వ్రాసినవాడు విశాఖపట్నం పాముల రస్సెలే. దానికి కిందటి సంవత్సరం, 1794 జూలై 10న, పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో పోరాడి విజయనగరపు విజయరామ గజపతిరాజు నేలకొరిగాడు. జమీందారుల కోటలను లొంగదీసిన కంపెనీయే కొండల మీది మొక్కలను అచ్చు వేయించింది. ఆ శాస్త్రకృషికి అయిన ఖర్చు వెనుక వర్తకపు లెక్క ఉన్నదని విద్యార్థులు మరువరాదు.

నార లెక్కలు

ఆ గ్రంథపు రెండవ సంపుటంలో చాగ బొమ్మ ఉన్నది. రాక్స్‌బర్గ్ వ్రాసికొన్న తెలుగు పేరు చివర "నార" అన్న మాట ఉన్నది. అంటే అతనికి ఆ మొక్కను చూపించినవారు దానిని నారమొక్కగానే ఎరుగుదురన్నమాట.

వర్తకపు లెక్క ఏమిటంటే, ఆ రోజుల్లో ఓడల తాళ్ళకు ఇంగ్లండు రష్యా జనుము మీద ఆధారపడేది. దానికి బదులుగా మన దేశంలో ఏ నార పనికివస్తుందని రాక్స్‌బర్గ్ పరిశీలించాడు. నలభై పౌన్ల పచ్చి ఆకు నుంచి ఒక పౌను శుభ్రమైన ఎండు నార వచ్చింది. నాలుగడుగుల చాగ తాడు 120 పౌన్ల బరువు నిలిపితే, అంతే లావుగల రష్యా జనుపతాడు 105 పౌన్లే నిలిపింది. 116 రోజులు నీటిలో నానిన తరువాత కూడ చాగ తాడు 30 పౌన్లు మోసింది. జనుపతాడు పూర్తిగా కుళ్ళిపోయింది.

మన విషయానికి ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఈ మొక్క ఇంచుమించు ఏ నేలలోనైనా పెరుగుతుందనీ, వేళ్ళ దగ్గర పుట్టే పిలకలు నాటితే చాలుననీ, దాదాపు ఏ శ్రద్ధా అక్కరలేదనీ, ఒకసారి నాటితే మళ్ళీ నాటనవసరం లేదనీ రాక్స్‌బర్గ్ గమనించాడు. సాగుచేస్తే ఆకు మూడు నాలుగు అడుగులు పెరిగిందట. ఇప్పుడు మొక్కల అంగళ్ళలో వినిపించే "ఏమీ చెయ్యనక్కరలేదు" అనే మాటకు రెండువందల ఏళ్ళ నాటి సాక్ష్యం ఇది.

మరి ఇంత గట్టి నార వర్తకంలో ఎందుకు నిలవలేదు? పైన చెప్పిన లెక్కలోనే ఒక కారణం కనిపిస్తుంది. నలభై పౌన్ల ఆకును కోసి, గీరి, కడిగితే వచ్చేది ఒక పౌను. మన జిల్లాల రైతుకు గోగు ఇంతకంటె అనుకూలమయిన పంట. తొలకరికి చల్లి, కొన్ని నెలలలో కోసి, చెరువులో నానవేస్తే నార చేతికి వస్తుంది. భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతి కావడంవల్ల గోగునారకు ప్రపంచ విపణిలో బిమ్లిపటం జూట్ అనే పేరే వచ్చింది. నెల్లిమర్లలోనూ, చిట్టివలసలోనూ జనపనార మిల్లులు వెలిశాయి. ఆముదాలవలస పరిశోధనా స్థానంలో కొత్త గోగు రకాలను రూపొందించారు. చాగ మాత్రం గట్టుమీదనే మిగిలిపోయింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తాళ్ళనారకు కరవు వచ్చినప్పుడు అమెరికావారు ఫ్లారిడాలో ఈ జాతులమీద మళ్ళీ పరిశోధనలు చేశారు గాని, కృత్రిమ నూలు రావడంతో ఆ ప్రయత్నమూ ఆగిపోయింది.

ఉదయం పులుపు, మధ్యాహ్నం చప్పన

శ్రద్ధ అక్కరలేదని రాక్స్‌బర్గ్ చూచాడు. ఎందుకు అక్కరలేదో అతనికి తెలియలేదు. ఆ రహస్యానికి ఒక ఆధారం పట్టుకొన్నవాడు సామర్లకోట తోటలో అతని వారసుడే.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళగా, సామర్లకోటలోని పని బెంజమిన్ హేన్ అనే జర్మను మతబోధకునికి అప్పగించారు. హేన్ వైద్యుడు కూడ. ఇండియాలో ఉండగా అతడు రణపాల ఆకులను వేర్వేరు వేళల్లో నమిలి రుచి చూచాడు. తెల్లవారు జామున ఆకు చుక్కకూరంత పుల్లగా ఉన్నది. పొద్దెక్కిన కొద్దీ పులుపు తగ్గి, మధ్యాహ్నానికి ఏ రుచీ లేకుండా పోయింది. సాయంకాలానికి కొంచెం చేదెక్కింది. ఈ సంగతిని 1813లో ఒక లేఖగా వ్రాశాడు. అది 1815లో లండను లిన్నేయన్ సంఘం పత్రికలో అచ్చయింది. నాగజెముడు వంటి మొక్కలు రాత్రివేళ వాయువులను పీల్చుకోవడాన్ని స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు డి సాస్యూర్ 1804లోనే గమనించాడు. ఈ రెండు పరిశీలనలను కలిపి అర్థం చెప్పడానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

ఆ అర్థం ఇది. మొక్క ఆహారం చేసుకోవడానికి గాలిలోని బొగ్గుపులుసు వాయువు కావాలి. అది ఆకులోనికి రావడానికి పత్రరంధ్రాలు తెరుచుకోవాలి. రంధ్రాలు తెరిస్తే లోపలి నీరు ఆవిరై బయటికి పోతుంది. సామాన్యమైన మొక్క పగలు రంధ్రాలు తెరుస్తుంది గనుక ఎండ మండేవేళ ఎక్కువ నీరు నష్టపోతుంది. మెట్టప్రాంతపు కొన్ని మొక్కలు దీనికి ఉపాయం కనిపెట్టాయి. అవి పగలు తలుపులు మూసుకొని, చల్లబడిన తరువాత రాత్రి తెరుస్తాయి. రాత్రి లోనికి వచ్చిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి కణాలలో దాచుకొంటాయి. అందుకే తెల్లవారేసరికి ఆకు పులుపు. మరునాడు పగలు తలుపులు మూసే, ఆ ఆమ్లం నుంచి వాయువును విడదీసి, సూర్యకాంతి సహాయంతో ఆహారం తయారు చేస్తాయి. అందుకే సాయంకాలానికి పులుపు ఉండదు.

ఈ ఉపాయంవల్ల మిగిలే నీరు కొద్దిపాటిది కాదు. ఒక గ్రాము బొగ్గుపులుసు వాయువును సంపాదించడానికి వరి, గోధుమ వంటి మొక్కలు 400 నుంచి 500 గ్రాముల నీటిని ఆవిరిగా పోగొట్టుకొంటే, రణపాల పద్ధతి మొక్కలకు 50 నుంచి 100 గ్రాములు చాలు. మన వసారాలోని పొడల మొక్క కూడ ఈ పద్ధతిదే.

ఇప్పుడు చెంబెడు నీళ్ళ సంగతి చూద్దాం. మొక్క తాగేది కొంచెమే. మిగిలిన నీరు కుండీలోనే నిలుస్తుంది. మట్టిరేణువుల మధ్య ఉండవలసిన గాలిని నీరు వెళ్ళగొడుతుంది. ప్రాణవాయువు అందక వేళ్ళు ఊపిరాడని స్థితికి వస్తాయి. అటువంటి వేళ్ళను, కొమ్మును బూజుజాతి తెగుళ్ళు పట్టి కుళ్ళబెడతాయి. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు గనుక ఆకు వాడుతుంది. వాడిన ఆకును చూచి మనం దాహమనుకొంటాము.

గట్టుమీది నుంచి కుండీలోనికి

ఆఫ్రికా మొక్క మన కుండీలలోనికి వచ్చిన దారి కూడ కలకత్తా మీదుగానే సాగింది. ఒకనాడు రాక్స్‌బర్గ్ నిర్వహించిన కలకత్తా తోటకే తరువాతి కాలంలో డేవిడ్ ప్రెయిన్ అధిపతి అయినాడు. అతడు 1903లో ప్రకటించిన "బెంగాలు మొక్కలు" అనే గ్రంథంలో ఈ పొడల మొక్కకు సాన్సివేరియా ట్రైఫాసియాటా అని పేరు పెట్టాడు. ఇంచుమించు ఆ కాలంలోనే ఎమిల్ లారెంట్ అనే బెల్జియం శాస్త్రజ్ఞుడు కాంగోలో ఆకు అంచున పసుపుపచ్చ గీతగల రకాన్ని సేకరించాడు. నేడు ఎక్కువమంది కొనేది దీనినే. 1939లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో గులాబీరేకుల వలె పరుచుకొనే పొట్టి రకం ఒకటి బయటపడింది.

చాగ పేరు కూడ మారుతూ వచ్చింది. రాక్స్‌బర్గ్ దానిని సింహళపు మొక్కగా భావించి ఆ పేరే ఇచ్చాడు. అది వేరు జాతి అని గుర్తించి, 1829లో షుల్టెస్ తండ్రీకొడుకులు రాక్స్‌బర్గ్ పేరనే సాన్సివేరియా రాక్స్‌బర్గియానా అన్నారు. జన్యు పరిశోధనల ఫలితంగా ఇటీవల సాన్సివేరియాలన్నింటిని డ్రసీనా ప్రజాతిలో కలిపివేశారు. ఆ ప్రకారం 2018 నుంచి చాగ డ్రసీనా రాక్స్‌బర్గియానా అయింది.

కుండీ మార్చే విధానం

ఈ చరిత్ర తెలిసిన తరువాత కుండీ మార్చే నియమాలు బట్టీపట్టనక్కరలేదు. అన్నింటికీ సూత్రం ఒక్కటే: కుండీలో మెట్టనేలను కల్పించాలి.

ఎప్పుడు మార్చాలి? కొమ్ములు పెరిగి కుండీ గోడను ఒత్తుతున్నప్పుడు, పిలకలకు చోటు లేనప్పుడు, నీరు పోస్తే మట్టిలో ఇంకక అంచు వెంట జారిపోతున్నప్పుడు. కొన్నిసార్లు కొమ్ము బలానికి కుండీయే పగులుతుంది. సాధారణంగా రెండు మూడేళ్ళకొకసారి ఈ పని చాలు. మన ప్రాంతంలో చలి తగ్గి ఎండ ముదరని రోజులు, అనగా ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం. జూన్‌లో తొలకరి, అక్టోబరులో వాయుగుండాల వానలు వచ్చేలోపున వేళ్ళు నిలదొక్కుకొంటాయి.

కుండీ ఎటువంటిది? పాతదానికంటె ఒకటి రెండు అంగుళాలు మాత్రమే వెడల్పు ఎక్కువ ఉండాలి. మరీ పెద్ద కుండీలో వేళ్ళు చేరని మట్టి చాలా ఉంటుంది. అది తడిగానే ఉండిపోతుంది. కాల్చిన మట్టికుండీ అన్నింటికంటె మేలు. దాని గోడలోంచి తేమ బయటికి పోతుంది. అడుగున చిల్లు తప్పనిసరి. చిల్లు మీద ఒక పెంకు మూస్తే మట్టి జారిపోదు. అడుగున బెత్తెడు రాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది అనుకొంటారు, అది సరికాదు. సన్నని మట్టి నుంచి నీరు రాళ్ళలోనికి తేలికగా దిగదు; రాళ్ళ పైభాగాన మట్టిలోనే నిలుస్తుంది.

మట్టి ఎటువంటిది? రెండు పాళ్ళు ఎర్రమట్టి, రెండు పాళ్ళు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన గత్తం లేదా ఆకులెరువు. విజయనగరం వైపు ఎర్రనేలలకు కొదవ లేదు. నాగావళి, వంశధార ఇసుక పనికివస్తుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది గనుక వాడరాదు. బంకమట్టి అసలు పనికిరాదు.

మార్చడానికి వారం ముందు నుంచి నీరు ఆపాలి. కుండీని పక్కకు వాల్చి, గోడను చేత్తో తట్టి, మొక్కను మొదలంటా పట్టుకొని మట్టిగడ్డతో సహా తీయాలి. ఆకులను పట్టి లాగరాదు. మట్టి విదిలించి, గోధుమరంగుకు తిరిగి మెత్తబడిన వేళ్ళను కోసివేయాలి. కొమ్మును విడదీయదలిస్తే ప్రతి ముక్కకు ఆకుల మొదలు ఒకటి, కొన్ని వేళ్ళు ఉండేటట్లు పదునైన కత్తితో కోయాలి. కోసిన ముక్కలను ఒకటి రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. గాయం ఎండకుండా నాటితే అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది. తరువాత పూర్వమున్న లోతులోనే నాటాలి. నాటిన అయిదారు రోజులకు మొదటి తడి ఇవ్వాలి.

అటుపైన నియమం సులభం. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడాలి. తడి తగిలితే నీరు వద్దు. వేసవిలో పది రోజులకొకసారి, వానాకాలంలో మూడు వారాలకొకసారి, చలికాలంలో నెలకొకసారి అంటే ఇంచుమించు సరిపోతుంది. కళింగపట్నం వంటి సముద్రపుటొడ్డున గాలిలో తేమ ఎక్కువ గనుక మట్టి నెమ్మదిగా ఆరుతుంది; పార్వతీపురం వైపు వేసవిలో త్వరగా ఆరుతుంది. అందుచేత పంచాంగం కంటె వేలినే నమ్మాలి. వసారా చూరు నీళ్ళు పడేచోట కుండీ పెట్టరాదు. పెరటిలో మేకలున్నా, ఇంట్లో పిల్లులున్నా అందకుండా ఉంచాలి. ఆకులోని సాపోనిన్లు పిల్లులకు వాంతులు కలిగిస్తాయి.

ఆకును మూడంగుళాల ముక్కలుగా కోసి, ఆరబెట్టి, కింది కొస కిందికే ఉండేటట్లు ఇసుకలో గుచ్చినా కొన్ని వారాలకు వేళ్ళు వస్తాయి. కాని పసుపు అంచు రకాన్ని ఇట్లా పెంచితే కొత్త మొక్కకు ఆ అంచు రాదు. ఆ రకపు ఆకులో రెండు రకాల కణజాలాలు కలిసి ఉన్నాయి; కొత్త పిలక ఆకుపచ్చ కణజాలం నుంచే పుడుతుంది. అంచు కావలసినవారు కొమ్మునే విడదీయాలి.

రెండు అపోహలు

ఈ మొక్క రాత్రిపూట ప్రాణవాయువు విడుస్తుందని, అందుచేత పడకగదిలో పెట్టుకోవాలని ప్రచారం జరుగుతున్నది. రాత్రి బొగ్గుపులుసు వాయువును తీసుకొంటుందన్నది నిజం. ప్రాణవాయువు మాత్రం కాంతి ఉన్నప్పుడే పుడుతుంది. రాత్రి ఈ మొక్క కూడ మనవలెనే శ్వాసిస్తుంది.

రెండవది, గాలిలోని విషవాయువులను ఇది హరిస్తుందన్న మాట. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ శాస్త్రజ్ఞులు మూసివేసిన చిన్న పెట్టెలలో జరిపిన ప్రయోగాలు దీనికి మూలం. ఆ ప్రయోగాలు నిజమైనవే. కాని కిటికీలు, తలుపులు ఉన్న ఇల్లు మూసిన పెట్టె కాదు. ఇటువంటి ప్రయోగాలనెన్నింటినో 2019లో తిరిగి లెక్కకట్టగా, మామూలు గాలిమార్పిడితో సమానమైన ఫలం రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు కావలసి ఉంటుందని తేలింది. కిటికీ తెరవడం సులభమైన పని.

తరగతిలో చేయదగిన పని

హేన్ పరిశీలనను ఏ ఉన్నత పాఠశాలలోనైనా మళ్ళీ చేసి చూడవచ్చు. రుచి చూడవద్దు, రణపాలలో గుండెకు హాని చేసే పదార్థాలున్నాయని ఇప్పుడు తెలిసింది. దానికి బదులు, ఒకే మొక్క నుంచి సూర్యోదయానికి ముందు పది గ్రాములు, సాయంకాలం నాలుగు గంటలకు పది గ్రాములు ఆకు కోయాలి. ఉదయపు ఆకును వెంటనే నూరి, సమానమైన నీటితో వడకట్టి ఉంచాలి. సాయంకాలపుదానిని అట్లే చేయాలి. రెండింటిలో ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్క చుక్కగా పోస్తూ గులాబీ రంగు నిలిచేవరకు లెక్కపెట్టాలి. ఉదయపు రసానికి ఎక్కువ చుక్కలు పడతాయి. రెండువందల ఏళ్ళ కిందట ఒకరు నాలుకతో కనుగొన్న సంగతిని విద్యార్థులు అంకెలలో చూస్తారు.

మరొక పని కూడ ఉన్నది. చాగను నారమొక్కగా ఎరిగిన తరం తరిగిపోతున్నది. కుండీలోని ఆఫ్రికా మొక్క పేరు తెలిసిన పిల్లలకు గట్టు మీది దాని దాయాది పేరు తెలియదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వేంకటరామమూర్తిగారు సవరల నోటినుంచి మాటలు సేకరించి ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. మొక్కల పేర్ల విషయంలో అటువంటి పనిలో కొంతైనా మన విద్యార్థులు చేయవచ్చు. తమ ఊరి గట్ల మీద, గుట్టల మీద ఈ మొక్క ఉన్నదా, దానిని పెద్దలు ఏ పేరుతో పిలుస్తారు, దేనికి వాడేవారు అని అడిగి, ఊరి పేరు, తేదీతో సహా నోటుపుస్తకంలో వ్రాసి ఉంచాలి. రస్సెల్, రాక్స్‌బర్గ్ చేసినది అదే. వారికి పేర్లు చెప్పిన మనవారి పేర్లు ఎక్కడా మిగలలేదు. ఈసారి చెప్పినవారి పేర్లు కూడ, వారి అనుమతితో, వ్రాసి ఉంచితే బాగుంటుంది.

ఒక చాగ పిలక దొరికితే దానిని తెచ్చి పాఠశాల వసారాలో మట్టికుండీలో నాటవచ్చు. కుండీ మీద తెలుగు పేరు వ్రాయాలి. నీళ్ళు పోయడానికి ఒక్క విద్యార్థినే నియమించి, వేలితో మట్టిని చూడకుండా చెంబు ఎత్తవద్దని చెప్పాలి.